పొడుగు చేతుల టాప్, తాళం వేసిన తలుపు

ఈ వారం ఎపిసోడ్ విన్నవాళ్ళకి విషయం ఇప్పటికే తెలుసు. వినడానికి కుదరనివాళ్ళ కోసం, డ్యూటీ బస్సులో ఫోన్ చూసుకుంటూ చదివేవాళ్ళ కోసం అదే కథ ఇక్కడ రాసి పెడుతున్నాను. మాట్లాడేటప్పుడు టైం చాలక వదిలేసిన వివరాలు కూడా కొన్ని కలిపాను.

విషయం చూడ్డానికి చాలా చిన్నది. ఒక అమ్మాయి డేట్‌కి వెళ్ళాలి. మంచి పొడుగు చేతుల టాప్ ఒకటి కావాలి. మరీ ఆఫీసుకి వెళ్ళినట్టు ఉండకూడదు, మరీ పెళ్ళికి వెళ్ళినట్టూ ఉండకూడదు. చూడగానే బాగుండాలి, ధర చేతికి అందాలి. ఇవాళ అమెరికాలో ఇది ఫోన్‌లో అయిదు నిమిషాల పని. కానీ ఈ చిన్న కోరిక వెనక దాదాపు 130 ఏళ్ళ చరిత్ర ఉంది. అందులో మనలాంటి వాళ్ళే, అంటే ఊరు వదిలి, సముద్రం దాటి, రోజు కూలికో పీసు రేటుకో పనిచేసిన వాళ్ళే ఎక్కువగా కనిపిస్తారు. అందుకే ఈ కథ మన బ్లాగులో ఉండాలనిపించింది.

టాపూ డేటూ ఒకే కాలంలో పుట్టాయి

1890లకి ముందు అమెరికాలో ఆడవాళ్ళ బట్టలంటే ఎక్కువగా మెడ నుంచి పాదాల దాకా కప్పే గౌను. దర్జీతో కుట్టించుకోవాలి, లేదా ఇంట్లోనే కుట్టుకోవాలి. ఒక గౌను తయారవడానికి చాలా గుడ్డ, చాలా రోజులు పట్టేది. డబ్బున్నవాళ్ళకి పది గౌన్లు ఉండేవి, లేనివాళ్ళకి ఒకటో రెండో.

1890లలో ఒక కొత్త బట్ట వచ్చింది. పేరు షర్ట్‌వెయిస్ట్. మగవాళ్ళ చొక్కాలాగా గుండీలు, కాలరు, పొడుగు చేతులు. నడుము దాకానే ఉంటుంది, కింద విడిగా స్కర్టు వేసుకోవాలి. మన లెక్కలో చెప్పాలంటే పొడుగు చేతుల జాకెట్టు లాంటిదే. దీంట్లో కిటుకు ఏమిటంటే, ఒకటే నల్ల స్కర్టు ఉన్నా రెండు మూడు షర్ట్‌వెయిస్ట్‌లుంటే చాలు, రోజూ కొత్తగా కనపడొచ్చు. ఫ్యాక్టరీలో కుట్టి రెడీమేడ్‌గా అమ్మేవాళ్ళు కాబట్టి కూలి పనికి వెళ్ళే అమ్మాయి కూడా కొనుక్కోగలిగేది.

చార్లెస్ డానా గిబ్సన్ అనే ఆర్టిస్టు పత్రికల్లో గీసిన అమ్మాయి బొమ్మలు ఆ రోజుల్లో అమెరికా అంతా పాకిపోయాయి. జుట్టు పైకి ముడిచి, సన్న నడుముతో, ఎవరికీ భయపడనట్టు చూసే అమ్మాయి. ఆవిడనే గిబ్సన్ గర్ల్ అనేవాళ్ళు. ఆ బొమ్మల్లో చాలాసార్లు ఒంటి మీద ఉండేది షర్ట్‌వెయిస్టే. 1895 ప్రాంతంలో దాని చేతులు భుజం దగ్గర బుట్టల్లా ఉబ్బి, మోచేతి నుంచి మణికట్టు దాకా బిగుతుగా ఉండేవి. తర్వాత కొన్నేళ్ళకి భుజం సన్నబడి, ఉబ్బు మణికట్టు దగ్గరికి దిగింది. సావిత్రి, జమున కాలం సినిమాల్లో మనం చూసిన బుట్ట చేతుల జాకెట్టుకి ఇది దూరపు చుట్టం. అసలు జాకెట్టు అన్న మాటే మనకి ఇంగ్లీషు నుంచి వచ్చింది.

డేట్ అనే మాట కూడా సరిగ్గా ఆ కాలం నాటిదే. అబ్బాయి, అమ్మాయి కలిసి బయటికి వెళ్ళడం అనే అర్థంలో ఆ మాట అచ్చులో మొదట కనపడింది 1896లో, చికాగో పత్రికలో జార్జ్ ఏడ్ అనే ఆయన రాసిన కాలమ్‌లో అని చెబుతారు. అంతకు ముందు మర్యాదస్తుల ఇళ్ళలో పద్ధతి వేరు. అబ్బాయి అమ్మాయి ఇంటికి రావాలి, ముందు గదిలో వాళ్ళమ్మ కళ్ళ ముందే కూర్చుని మాట్లాడి వెళ్ళాలి. ఇంచుమించు మన పెళ్ళిచూపుల లాంటిదే.

మరి ముందు గదే లేని వాళ్ళ సంగతి? న్యూయార్క్‌లో కూలివాళ్ళ ఇళ్ళు రెండు మూడు చీకటి గదులు. అందులోనే కుటుంబం, పైగా అద్దె కోసం పెట్టుకున్న ఒకరిద్దరు బయటివాళ్ళు. లేబర్ క్యాంపులో ఉన్నవాళ్ళకి ఈ లెక్క విడమర్చి చెప్పక్కర్లేదు. అక్కడ ఇద్దరు కూర్చుని మాట్లాడుకోవడానికి చోటు లేదు. అందుకే ఆ పిల్లలు బయటికి వెళ్ళారు. డ్యాన్స్ హాళ్ళకి, అయిదు సెంట్ల సినిమాలకి, ఎండాకాలంలో కోనీ ఐలాండ్ బీచ్‌కి. డేటింగ్ అనేది గొప్పింటి ఫ్యాషన్‌గా మొదలవలేదు. ఇంట్లో చోటు లేని కూలివాళ్ళ దగ్గర మొదలై, తర్వాత గొప్పవాళ్ళ ఇళ్ళకి ఎక్కింది.

చాలామంది అమ్మాయిలు వారం జీతం కవరు విప్పకుండా తెచ్చి అమ్మ చేతిలో పెట్టాలి. అందులోంచి తిరిగి చేతికొచ్చేది కొన్ని సెంట్లు. ఆ సెంట్లు కూడబెట్టి కొనుక్కున్న ఒక తెల్లటి, లేసు పెట్టిన షర్ట్‌వెయిస్ట్ వేసుకుని శనివారం సాయంత్రం బయటికి వెళ్ళేవాళ్ళు. వారంలో వాళ్ళకంటూ ఉన్నది ఆ కాస్త సమయమే.

కుట్టింది ఎవరు

ఆ టాపు వేసుకున్న అమ్మాయే చాలాసార్లు దాన్ని కుట్టిన అమ్మాయి కూడా. 1900 తర్వాత న్యూయార్క్‌లో షర్ట్‌వెయిస్ట్ షాపులు వందల్లో లేచాయి. పనివాళ్ళలో ఎక్కువమంది రష్యా సామ్రాజ్యం నుంచి వచ్చిన యూదుల పిల్లలు, దక్షిణ ఇటలీ నుంచి వచ్చిన పిల్లలు. పదహారు, పద్దెనిమిది, ఇరవై ఏళ్ళ వయసు. ఒకళ్ళ భాష యిడ్డిష్, ఇంకొకళ్ళది ఇటాలియన్. పక్క పక్క మిషన్ల మీద కూర్చుని కూడా సరిగ్గా మాట్లాడుకోలేని పరిస్థితి. వచ్చిన డబ్బులో కొంత తిండికి, కొంత ఊళ్ళో ఉన్న తమ్ముడికో చెల్లికో ఓడ టికెట్టుకి.

పని ముక్కలు ముక్కలుగా విడగొట్టారు. కటింగ్ మాస్టర్ పల్చటి నూలు గుడ్డని పొరలు పొరలుగా పేర్చి ఒకేసారి కోస్తాడు. ఒకమ్మాయి చేతులు మాత్రమే అతుకుతుంది. ఇంకొకమ్మాయి కాజాలు. ఇంకొకమ్మాయి లేసు. పొద్దుట్నించి సాయంత్రం దాకా వందల చేతులు అతికిన పిల్ల, తన చేత్తో ఒక్క టాపు కూడా పూర్తిగా కుట్టి ఉండదు.

ఈ షాపుల్లో పెద్దది ట్రయాంగిల్ వెయిస్ట్ కంపెనీ. ఓనర్లు మాక్స్ బ్లాంక్, ఐజాక్ హారిస్. వాళ్ళూ వలస వచ్చిన యూదులే, కింది నుంచి పైకి వచ్చినవాళ్ళే. జనం వాళ్ళని షర్ట్‌వెయిస్ట్ రాజులనేవాళ్ళు. మన మనిషే కదా, మన కష్టం తెలుసు కదా అనుకోవడం ఎంత వరకు పనికొస్తుందో ఈ కథ చూస్తే అర్థమవుతుంది.

కొత్త టోపీ కావాలనుకోవడం తప్పా?

1909 నవంబర్ 22న న్యూయార్క్‌లోని కూపర్ యూనియన్ హాల్లో కుట్టు పనివాళ్ళ పెద్ద మీటింగ్ జరిగింది. నాయకులు ఒకరి తర్వాత ఒకరు మాట్లాడుతున్నారు, జాగ్రత్తగా ఉండండి, ఆలోచిద్దాం అని. అప్పుడు క్లారా లెమ్లిచ్ అనే 23 ఏళ్ళ అమ్మాయి స్టేజీ ఎక్కింది. అంతకు ముందు సమ్మెలో గూండాలు కొడితే పక్కటెముకలు విరిగిన మనిషి. యిడ్డిష్‌లో నాలుగు మాటలు మాట్లాడి, మాటలు చాలు, అందరం సమ్మెకి దిగుదాం అంది. హాలు మొత్తం చేతులెత్తింది. మర్నాటి నుంచి వేలమంది పని ఆపేశారు. చరిత్రలో దానికి 'ఇరవై వేలమంది తిరుగుబాటు' అని పేరు.

ఈ సమ్మెలో నాకు బాగా గుర్తుండిపోయింది బట్టల సంగతి. సమ్మె చేసే అమ్మాయిలు మంచి టాపులు వేసుకుని, పువ్వులు పెట్టిన టోపీలతో రోడ్డు మీదికి వచ్చారు. చూసిన కొందరికి ఇది నచ్చలేదు. ఇంత సోకు చేసుకున్నవాళ్ళకి ఆకలి ఏముంటుంది, వీళ్ళకి సమ్మె ఎందుకు అన్నారు. క్లారా దీనికి పత్రికలో జవాబు రాసింది. షాపులో బట్టలు మార్చుకునే గది లేదని, ఎవరైనా కొత్త టోపీ కొనుక్కుంటే అది అక్కడే నలిగి పాడైపోతుందని చెప్పింది. మేమూ మనుషులమే, వయసులో ఉన్నవాళ్ళం, అందరిలాగే మాకూ కొత్త టోపీ ఇష్టం, ఎందుకు ఉండకూడదు అన్నది ఆవిడ మాటల సారాంశం.

ఇది మనం కూడా విన్న మాటే. కొత్త ఫోన్ కొన్న హెల్పర్‌ని చూసి, జీతం చాలట్లేదంటాడు కానీ ఫోన్ చూడు అనేవాళ్ళు ప్రతి సైట్లోనూ ఉంటారు. కష్టపడేవాడు కష్టపడుతున్నట్టే కనపడాలని, మంచి బట్ట వేస్తే వాడి కష్టం అబద్ధమని ఒక లెక్క. నూరేళ్ళ కింద ఆ పిల్ల ఆ లెక్కని ఒప్పుకోలేదు.

సమ్మె 1910 ఫిబ్రవరి దాకా నడిచింది. చాలా షాపులు యూనియన్‌తో ఒప్పందం చేసుకున్నాయి, గంటలు తగ్గాయి, కూలి కొంచెం పెరిగింది. ట్రయాంగిల్ మాత్రం యూనియన్‌ని ఒప్పుకోలేదు. పనివాళ్ళు అడిగిన వాటిలో తలుపులు తీసి ఉంచాలి, మంటలొస్తే దిగడానికి సరైన దారి ఉండాలి అన్నవి కూడా ఉన్నాయి. అక్కడ అవి రాలేదు.

శనివారం, జీతం రోజు

1911 మార్చి 25, శనివారం. సాయంత్రం పావు తక్కువ అయిదుకి డ్యూటీ అయిపోతుంది. జీతం కవర్లు ఇచ్చేశారు. కోట్లు, టోపీలు తీసుకుంటున్నారు. సుమారు 4.40కి ఎనిమిదో అంతస్తులో కటింగ్ బల్ల కింద ఉన్న గుడ్డ ముక్కల డబ్బాలో మంట లేచింది. సిగరెట్టో అగ్గిపుల్లో పడి ఉంటుందని తేల్చారు. ఆ ముక్కలు ఎత్తి రెండు నెలలు దాటింది. పల్చటి నూలు గుడ్డ, పైన తీగలకి వేలాడే పేపర్ ప్యాటర్న్‌లు. మంట పట్టుకోవడానికి ఇంకేం కావాలి.

ఎనిమిదో అంతస్తు వాళ్ళు పదో అంతస్తుకి ఫోన్ చేశారు. అక్కడే ఆఫీసు, ఓనర్లు ఉన్నారు. వాళ్ళు పైకప్పు ఎక్కి పక్క బిల్డింగు మీదికి దాటారు. అక్కడ న్యూయార్క్ యూనివర్సిటీ లా స్టూడెంట్లు నిచ్చెనలు వేసి చాలామందిని లాగారు. మధ్యలో ఉన్న తొమ్మిదో అంతస్తుకి మాత్రం ఎవరూ చెప్పలేదు. అక్కడ పొడుగాటి బల్లల మీద 240 దాకా మిషన్లు, వాటి మధ్య ఇరుక్కుని కూర్చున్న పిల్లలు. వాళ్ళకి కబురు తెచ్చింది మంటే.

ఒక వైపు మెట్లు మంటల్లో ఉన్నాయి. రెండో వైపు, వాషింగ్టన్ ప్లేస్ వైపు తలుపుకి తాళం. వెనక ఉన్న ఇనుప ఫైర్ ఎస్కేప్ బరువుకీ వేడికీ వంగి విరిగి, మీద ఉన్నవాళ్ళతో సహా కింద పడింది. జోసెఫ్ జిటో, గాస్పర్ మోర్టిల్లారో అనే ఇద్దరు లిఫ్ట్ ఆపరేటర్లు పొగలో మళ్ళీ మళ్ళీ పైకి వెళ్ళి, ఇక లిఫ్ట్ కదలదు అన్నదాకా మనుషుల్ని దింపారు. ఫైరింజన్లు త్వరగానే వచ్చాయి. కానీ వాటి నిచ్చెన ఆరో అంతస్తు దాకానే అందింది. పట్టిన వలలు, దూకినవాళ్ళ బరువుకి చినిగిపోయాయి.

రోడ్డు మీద నిలబడి చూసిన విలియం షెపర్డ్ అనే విలేకరి ఫోన్‌లో తన ఆఫీసుకి చెప్పిన వార్తలో ఒక సంగతి ఉంది. ఒక కిటికీ దగ్గర ఒక కుర్రాడు అమ్మాయిల్ని, ట్రాము ఎక్కించినంత మర్యాదగా, ఒక్కొక్కరినే బయటికి అందించి వదులుతున్నాడు. చివరగా వచ్చినమ్మాయి అతన్ని కావలించుకుని ముద్దు పెట్టుకుంది. ఆమెని వదిలి, వెనకాలే తనూ దూకాడు. వాళ్ళిద్దరూ ఆ సాయంత్రం ఎక్కడికి వెళ్ళాలనుకున్నారో ఎవరికీ తెలీదు.

మొత్తం అరగంట కూడా పట్టలేదు. చనిపోయినవాళ్ళు 146 మంది. అందులో 123 మంది ఆడవాళ్ళు, 23 మంది మగవాళ్ళు. శవాల దగ్గర జీతం కవర్లు, నిశ్చితార్థం ఉంగరాలు దొరికాయి. ఆరుగురి పేర్లు ఎవరికీ తెలియకుండానే ఉండిపోయి, మైకేల్ హిర్ష్ అనే పరిశోధకుడి వల్ల 2011లో, అంటే సరిగ్గా నూరేళ్ళకి బయటికొచ్చాయి.

బిల్డింగుకి ఏమీ కాలేదు

నాది కన్‌స్ట్రక్షన్ పని కాబట్టి ఈ భాగం దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను.

ఆ బిల్డింగు పేరు ఆష్ బిల్డింగ్. 1901లో పూర్తయింది, అంటే అప్పటికి పదేళ్ళ కొత్తది. పది అంతస్తులు, మన భాషలో జీ ప్లస్ 9. ఎత్తు 135 అడుగులు. 150 అడుగులు దాటితే లోపల నేలలు, కిటికీ ఫ్రేములు చెక్కతో పెట్టకూడదని రూలు. దాటలేదు కాబట్టి చెక్క పెట్టుకున్నారు. మూడు మెట్ల దారులు ఉండాల్సిన చోట రెండే కట్టి, మూడోదానికి బదులు ఫైర్ ఎస్కేప్‌ని లెక్క చూపించారు. తలుపులు లోపలికి తెరుచుకునేవి. కంగారులో జనం తోసుకుంటూ వచ్చి మీద పడితే లోపలికి తెరిచే తలుపు గోడతో సమానం. స్ప్రింక్లర్లు లేవు. ఒక్క ఫైర్ డ్రిల్ కూడా జరగలేదు.

అయినా బిల్డింగు ఫైర్‌ప్రూఫ్ అనే పేరుతో కట్టారు, ఆ పేరు నిలబెట్టుకుంది కూడా. గోడలు నిలిచాయి, స్లాబులు నిలిచాయి. ఇప్పటికీ అదే చోట, బ్రౌన్ బిల్డింగ్ అనే పేరుతో, న్యూయార్క్ యూనివర్సిటీ క్లాసులు నడుస్తున్నాయి. కట్టడం బతికింది, లోపలి మనుషులు పోయారు. స్ట్రక్చర్ బాగుందా అన్నది ఒక ప్రశ్న, మనిషి బయటికి రాగలడా అన్నది వేరే ప్రశ్న. మొదటిదానికి సర్టిఫికెట్ ఉంటే రెండోది ఎవరూ అడగరు.

తలుపుకి తాళం ఎందుకంటే దొంగతనం భయం. పనివాళ్ళు ఒక టాపో, గజం లేసో సంచిలో వేసుకుపోతారని, అందరూ ఒకే దారిన ఒక్కొక్కరుగా సంచి చూపించి వెళ్ళాలని పెట్టారు. 1911 డిసెంబరులో ఓనర్ల మీద కేసు నడిచింది. దొంగతనాల వల్ల పోయిన సరుకు మొత్తం విలువ ఎంత అని కోర్టులో అడిగారు. 25 డాలర్లు మించదని హారిస్ ఒప్పుకున్నాడు.

అయినా ఇద్దరినీ జ్యూరీ వదిలేసింది. ఆ క్షణంలో తలుపుకి తాళం ఉన్న సంగతి వాళ్ళకి తెలుసని నిరూపణ కాలేదని. 1914లో సివిల్ కేసులు రాజీ అయినప్పుడు ఒక్కో ప్రాణానికి 75 డాలర్లు ఇచ్చారు. మధ్యలో 1913లో బ్లాంక్ ఇంకో ఫ్యాక్టరీలో పని గంటల్లో తలుపుకి తాళం వేసి పట్టుబడ్డాడు. జరిమానా 20 డాలర్లు.

చూసినవాళ్ళు మర్చిపోలేదు

ఆ సాయంత్రం రోడ్డు మీద నిలబడి చూసినవాళ్ళలో ఫ్రాన్సిస్ పెర్కిన్స్ అనే 30 ఏళ్ళ ఆవిడ ఉంది. న్యూయార్క్ రాష్ట్రం ఫ్యాక్టరీల మీద విచారణ కమిషన్ వేసింది. రాబర్ట్ వాగ్నర్, అల్ స్మిత్ దాన్ని నడిపారు, పెర్కిన్స్ వాళ్ళతో పనిచేసింది. ఆఫీసులో కూర్చోకుండా ఫ్యాక్టరీలకి తిరిగి, మెట్లూ తలుపులూ కళ్ళతో చూశారు. తర్వాతి మూడు నాలుగేళ్ళలో రాష్ట్రంలో ముప్పైకి పైగా చట్టాలు వచ్చాయి. పని గంటల్లో తలుపులకి తాళం వేయకూడదు, డ్రిల్ చేయాలి, స్ప్రింక్లర్లు పెట్టాలి, ఇలాంటివి. 1933లో పెర్కిన్స్ అమెరికా కార్మిక మంత్రి అయింది. ఆ దేశంలో మంత్రి అయిన మొదటి మహిళ ఆవిడే.

అమెరికా అగ్నిమాపక సంస్థ ఎన్‌ఎఫ్‌పీఏ 1913లో మనుషుల ప్రాణరక్షణ కోసం ఒక కమిటీ పెట్టింది. ఆ పని పెరిగి పెరిగి ఇవాళ మనం ఎన్‌ఎఫ్‌పీఏ 101 అని పిలిచే కోడ్ అయింది. గల్ఫ్ సైట్లలో పనిచేసినవాళ్ళు ఆ నంబరు డ్రాయింగుల మీద చూసే ఉంటారు. ఎగ్జిట్ తలుపు బయటికి తెరుచుకోవాలి, దారికి ఏదీ అడ్డం ఉండకూడదు అని సేఫ్టీ ఆఫీసర్ విసిగిస్తుంటే మనకి చిరాకేస్తుంది. ఆ రూళ్ళు ఊరికే పుట్టలేదు.

ఇప్పుడు ఎవరు కుడుతున్నారు

ఆ పని న్యూయార్క్‌లో ఉండిపోలేదు. కూలి ఎక్కడ తక్కువైతే అక్కడికి వెళ్ళింది. ఇవాళ అమెరికా అమ్మాయి డేట్‌కి కొనే టాపు లేబుల్ మీద బంగ్లాదేశ్, వియత్నాం, ఇండియా అని ఉంటుంది. మన విశాఖ పక్కన అచ్యుతాపురంలో వేలమంది ఆడవాళ్ళు విదేశీ బ్రాండ్ల బట్టలు కుడుతున్నారు.

పనితో పాటు తాళం కూడా వెళ్ళింది. 2012 సెప్టెంబర్‌లో కరాచీలో ఒక బట్టల ఫ్యాక్టరీ తగలబడి 250 మందికి పైగా పోయారు. అదే ఏడాది నవంబర్‌లో ఢాకా దగ్గర తజ్రీన్ ఫ్యాక్టరీలో కనీసం 112 మంది. రెండు చోట్లా తలుపులు మూసి ఉన్నాయనే మాట వచ్చింది. 2013 ఏప్రిల్ 24న రానా ప్లాజా కూలి 1,134 మంది. ముందు రోజు గోడల్లో పగుళ్ళు చూసి భయపడ్డా, మర్నాడు పనికి రమ్మన్నారు. దాని తర్వాతే పెద్ద బ్రాండ్లు, యూనియన్లు కలిసి భద్రత ఒప్పందం మీద సంతకం పెట్టాయి. న్యూయార్క్‌లోలాగే ఇక్కడా రూలు శవాల తర్వాతే వచ్చింది.

బట్టల ఫ్యాక్టరీ మన సంగతి కాదు అనుకోవద్దు. 2024 జూన్ 12న కువైట్‌లోని మంగాఫ్‌లో కార్మికులు పడుకునే బిల్డింగు తగలబడి దాదాపు 50 మంది పోయారు. చాలామంది మన దేశం వాళ్ళే, అందులో ఆంధ్రావాళ్ళూ ఉన్నారు. మేడ మీదికి వెళ్ళే తలుపు తెరుచుకోలేదని అప్పుడు వార్తల్లో వచ్చింది.

న్యూయార్క్‌లో ఆ బిల్డింగుకి 2023 అక్టోబర్ 11న స్టీలుతో చేసిన స్మారకం పెట్టారు. మీద 146 మంది పేర్లు. ప్రతి ఏడాది మార్చి 25 వచ్చిందంటే కొందరు సుద్దముక్క పట్టుకుని, చనిపోయిన ఒక్కొక్కరూ ఏ ఇంట్లో ఉండేవారో ఆ ఇంటి ముందు ఫుట్‌పాత్ మీద పేరు, వయసు రాసి వస్తారు. వానకి చెరిగిపోతుంది, మళ్ళీ ఏడాది మళ్ళీ రాస్తారు.

చెల్లికో, భార్యకో, స్నేహితురాలికో ఒక మంచి టాపు కొంటే కొనండి, సంతోషంగా వేసుకోమనండి. మంచి బట్ట కట్టుకోవాలనుకోవడంలో తప్పేమీ లేదు, దాన్ని కుట్టిన పిల్లలు కోరుకున్నదీ అదే. మీరు మాత్రం ఒక చిన్న పని చేయండి. ఈ రాత్రి క్యాంపులో పడుకునే ముందు మీ అంతస్తు నుంచి కిందికి రెండో దారి ఎక్కడుందో వెళ్ళి చూడండి. ఆ తలుపు తోసి చూడండి. తెరుచుకోకపోతే రేపు పొద్దున్నే ఒక్కరు కాకుండా పదిమంది కలిసి వెళ్ళి అడగండి. క్లారా చేసింది కూడా అదే.